ఐదుగురు మనుషులు, తొమ్మిది గడియారాలు, ఒక్క స్నానాల గది

ఎనిమిది అంతస్తుల ఆఫీసు భవనంలో ఇరవై ఆరేళ్ళు లిఫ్టు నడిపిన మనిషి ఆయన. ఎక్కిన ప్రతివాళ్ళనీ "పైకా, కిందికా?" అని అడిగీ అడిగీ చివరికి ఆ మాటే ఆయన పేరైపోయింది. భవనంలో వాళ్ళు "పైకాకిందికా గారు" అని మర్యాదగా పిలిచేవాళ్ళు. చుట్టాలు ఆ గారు కూడా తీసేసి "మన పైకాకిందికా" అనేవాళ్ళు. అసలు పేరు రేషను కార్డులో ఉందని చెప్పుకునేవాళ్ళు గానీ, తీసి చూసినవాళ్ళు లేరు.

రోజూ కొన్ని వందలమందిని స్టూలు మీద నుంచి కదలకుండా పైకి చేర్చే ఆ మనిషి, తన ఇంటికి మాత్రం మూడంతస్తులు మెట్లెక్కి పోవాలి. అద్దె ఇల్లు. రెండో మలుపు దగ్గర ఆయాసం తీర్చుకోవడానికి ఆగి, అలవాటుకొద్దీ "కొంచెం లోపలికి జరగండి" అనేవాడట, పక్కన పిట్ట లేకపోయినా.

ఇంట్లో ఐదుగురు. ఆయన, పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసి అరల్లో సర్దే ఉద్యోగం చేసే భార్య, కాలేజీలో చదివే కూతురు, సెలూన్లో పనిచేసే బావమరిది, వీళ్ళందరి మీదా పెత్తనానికి అత్తగారు. "రెండు వారాలుండి పోతానక్కా" అని బావమరిది వచ్చి అప్పటికి ఆరేళ్ళు. వాడు వెళ్ళేటప్పుడు తోడుగా వెళ్దామని అత్తగారు వచ్చి ఐదేళ్ళు.

ముందు గది, వెనక గది, వంటిల్లు, ఒక మంచం పట్టే వరండా. ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని సామెత ఉంది కదా. మొదటి సగం ఆయన పైకే అనేవాడు. రెండో సగం దగ్గరికొచ్చేసరికి దగ్గు వచ్చేది.

ఇరుకుకి అందరూ అలవాటు పడ్డారు. అలవాటు పడలేనిది ఒక్కటే, స్నానాల గది. కింద అంతస్తులో ఉండే ఇంటి ఓనరమ్మ రోజూ ఆరున్నరకి రేడియో పెట్టేది. వార్తల ముందు వచ్చే ఆ సంగీతం మెట్ల మీదుగా పైకి పాకి, ఐదుగురినీ ఒక్కసారే లేపేది. ఐదుగురూ ఒక్కసారే తువ్వాలు అందుకునేవాళ్ళు. ముందు చేరినవాళ్ళది రాజ్యం. బావమరిది చేరాడంటే, ఊరందరి గడ్డాలూ పది నిమిషాలకొకటి చొప్పున గీసే ఆ చెయ్యి, సొంత మీసం దగ్గర అరగంట ఆగిపోయేది. కూతురు చేరిందంటే ఒక పాట మొదటి లైను పాడుతూనే ఉండేది. రెండో లైను ఎప్పటికైనా వస్తుందని బయటవాళ్ళు ఎదురు చూడాల్సిందే. ఇక అత్తగారు లోపల గడియ వేసిందంటే గడియలు గడిచిపోయేవి. ఆవిడ నీళ్ళతో మాట్లాడేది. చెంబుకో విషయం.

"అత్తయ్యా, నాకు డ్యూటీ ఉంది," అని ఆయన తలుపు బయట నుంచి బతిమాలేవాడు.

"నాకు మాత్రం పని లేదా అల్లుడుగారూ," అని జవాబొచ్చేది. ఆవిడకి పనేమిటో ఎవరికీ తెలియదు. అడిగే ధైర్యం అంతకన్నా లేదు.

ఇలా ఉండగా ముందు గది గోడకి చెమ్మ పట్టింది. పై గచ్చు మీద నిలిచిన వాన నీళ్ళు గోడలోకి దిగి, తలుపు ఎదురుగా ఒక పెద్ద మరక తేలింది. రెండు వారాల్లో దానికి నుదురు, ముక్కు, గడ్డం వచ్చాయి. అత్తగారు ఒక సాయంత్రం కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసి, "అచ్చం మీ మావగారే. ఆ ముక్కు చూడండి," అంది. ఆ రోజు నుంచి ఆవిడ మరకకి ఎదురుగా కాళ్ళు చాపుకుని కూర్చోవడం మానేసింది. ఎప్పటిదో కూర విషయంలో దాన్ని ఒకటి రెండు మాటలు కూడా అంది.

ఆయనకిది ఇబ్బందిగా తోచింది. బతికుండగా మావగారు ఇంత చెమ్మగా ఎప్పుడూ చూడలేదు ఆయనవంక. సున్నం వేయించమని ఓనరమ్మని అడిగితే, "ఎండాకాలం రానీండి, అదే ఆరిపోతుంది," అంది. అప్పటికింకా వానాకాలం సగం ఉంది.

సరిగ్గా అప్పుడే ఆఫీసు భవనం ఐదో అంతస్తులో పాత సామానంతా బయట పడేస్తున్నారు. అందులో గోడకి తగిలించే ఒక పెద్ద చెక్క గడియారం ఉంది. అద్దం తలుపు, లోపల పళ్ళెమంత లోలకం. "తీసుకెళ్ళవయ్యా, నీ ఇంట్లో బాగుంటుంది," అని హెడ్ క్లర్కు ఇచ్చేశాడు. "ఒక్క మాట. కీ ఇచ్చుకో, అంతే. ముళ్ళు మాత్రం ముట్టుకోకు. పాతది, తిప్పావంటే స్ప్రింగు తెగి లోపలున్నదంతా మొహం మీదికొస్తుంది."

గడియారాన్ని ఆయన లిఫ్టులో ఐదో అంతస్తు నుంచి కిందికి పదిహేను సెకన్లలో దించాడు. ఇంటి దగ్గర మూడంతస్తులు ఎక్కించడానికి, బావమరిదితో కలిసి, గంటన్నర పట్టింది. మరక మీద మేకు కొట్టి తగిలించాక లోలకం ఊగడం మొదలుపెట్టింది.

"మీ నాన్నగారి నోట్లో గడియారం పెట్టారే," అంది అత్తగారు తన కూతురితో.

"ఇన్నాళ్ళకి ఆయన నోరు కొంచెం చప్పుడు చేస్తోందిలేమ్మా," అంది భార్య.

గది మారిపోయింది. తలుపు తీయగానే మెరిసే చెక్క, తీరిగ్గా ఊగే లోలకం. ఆయన తలుపు వేసి, మళ్ళీ తీసి, కొత్తగా వచ్చినవాడిలా లోపలికొచ్చి చూసుకున్నాడు. నాలుగుసార్లు చూసుకున్నాడు. ఇరవై ఆరేళ్ళు నాలుగు ఇనుప గోడల మధ్య, అందులోనూ ఒక గోడ మీద "ఆరుగురికి మించరాదు" అన్న బోర్డు తప్ప మరేమీ చూడకుండా గడిపిన మనిషికి, గోడకి అందం ఉంటుందని ఆ పూటే తెలిసింది.

ఆ తర్వాత చెమ్మ ఆగలేదు. గడియారాలూ ఆగలేదు. వెనక గదిలో మరక వస్తే అక్కడో గడియారం, వంటింట్లో పెచ్చు ఊడితే అక్కడో గడియారం. ఈ పద్ధతి ఓనరమ్మకి ఎంత నచ్చిందంటే, సున్నం మాట ఎత్తకుండా తన సామాన్ల గదిలో ఉన్న తెల్ల ముఖం స్టేషను గడియారాన్ని ఆవిడే పైకి పంపించింది.

మిగతావి లిఫ్టులో సంపాదించాడు. ఎనిమిదో అంతస్తు దాకా నలభై సెకన్ల ప్రయాణం. ఆ లోపల ఏ సంభాషణా పూర్తి కాదు. సోమవారం ఆయన "మీ ఇంట్లో పాత గడియారాలేమైనా" అనేసరికి ఆరో అంతస్తు వచ్చేసేది. మంగళవారం ఆ పెద్దమనిషి "మా తాతగారిదొకటి అటక మీద" అంటూ దిగిపోయేవాడు. బుధవారం ఆ పెద్దమనిషికి సెలవు. అలా ఒక ఇత్తడి గడియారం కోసం పదకొండు రోజులు మాట్లాడాడు. కళ్ళు అటూ ఇటూ తిప్పే గుడ్లగూబ గడియారం మూడు వారాలు తీసుకుంది. దాని యజమాని రెండో అంతస్తు మనిషి మరి.

ఏడాది తిరిగేసరికి తొమ్మిదయ్యాయి. సర్దడంలో మొగుడూ పెళ్ళాలకి పడలేదు. ఆయనకి ఆకాశంలో చుక్కల్లా అక్కడొకటి ఇక్కడొకటి ఉండాలి. ఆవిడకి ఉత్తరాల అరల్లా వరసగా ఉండాలి. చివరికి మరకలే తీర్పు చెప్పాయి. మరక ఉన్న చోటే గడియారం.

హెడ్ క్లర్కు మాట ఆయన మనసులో అలాగే ఉండిపోయింది. ఏ గడియారం ముల్లూ ముట్టుకోలేదు. వచ్చిన గడియారానికి కీ ఇచ్చేవాడు, అది ఏ టైం నుంచి మొదలుపెడితే ఆ టైమే. "అది గోడకి అందం," అనేవాడు. "టైం చెప్పడం దాని ఇష్టం." అన్నీ చక్కగా నడిచేవి. దేని దారి దానిది.

కొన్నాళ్ళకి ఇంట్లో ఒక విచిత్రం జరిగింది. గొడవలు ఆగిపోయాయి.

తొమ్మిది టిక్కుటిక్కుల్లో కింది రేడియో వినబడటం మానేసింది. ఎవరి మంచానికి ఎదురుగా ఏ గడియారం ఉందో వాళ్ళు దాన్నే చూసి లేవడం మొదలుపెట్టారు. అత్తగారికి ఎదురుగా ఉన్నది స్టేషను గడియారం, నలభై నిమిషాలు ముందు. వంటింటి గుమ్మం పక్కన పడుకునే భార్యకి ఇత్తడిది, ఇరవై నిమిషాలు ముందు. ఆయన చెక్క గడియారం పొరపాటున సరిగ్గానే ఉంది. వెనక గదిలో కూతురి ఎనిమిది పలకల గడియారం పావుగంట వెనక. వరండాలో బావమరిది నెత్తి మీద ఉన్నది పక్షి గడియారం. గంటకోసారి పక్షి తలుపు తీసుకుని బయటికొచ్చి, నోరు తెరిచి, ఏమీ అనకుండా లోపలికి పోయేది. అది అరగంట వెనక.

కాబట్టి ఐదుగురూ ఆరున్నరకే లేచేవాళ్ళు, ఎవరి ఆరున్నరకి వాళ్ళు. అత్తగారు నీళ్ళతో ముచ్చట్లన్నీ ముగించుకుని వచ్చేసరికి భార్య తువ్వాలు తీసుకునేది. కూతురు పాట ఎత్తుకునేసరికి ఆయన తల తుడుచుకుంటూ ఉండేవాడు. కాలేజీకి పావుగంట ఆలస్యంగా వెళ్ళే కూతురికి ఏ ఇబ్బందీ రాలేదు, లెక్చరరు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చేవాడు. బావమరిది సెలూన్లో గడియారం ఆగిపోయి రెండేళ్ళయింది.

ఇదంతా ఎందుకు జరిగిందో ఎవరికీ తట్టలేదు. "అందం ఉన్న ఇంట్లో గొడవలుండవు," అనేవాడు ఆయన. "అమ్మకి వయసు మీద పడి మెత్తబడింది," అనేది భార్య. "వీళ్ళకి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది," అనేది అత్తగారు, స్టేషను గడియారం వంక చూస్తూ.

ఆ సుఖానికి కన్ను కుట్టినట్టు గడియారాల మేస్త్రి వచ్చాడు.

మంచివాడే. ఏడో అంతస్తులో ఆగిపోయిన గడియారం బాగుచేయడానికి వచ్చి, లిఫ్టులో మాటల్లో ఈయన తొమ్మిదింటి సంగతి విన్నాడు. పాత గడియారాలంటే మేస్త్రికి ప్రాణం. ఆదివారం భూతద్దం జేబులో పెట్టుకుని, చిన్న తోలు సంచీతో మూడంతస్తులూ ఎక్కి వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఒక్కో గోడా చూశాడు. మేస్త్రి మొహంలో ముందు ఆనందం కనబడింది. తర్వాత ఆనందం పోయింది.

"ఇప్పుడు టైమెంతయింది మీ ఇంట్లో?" అన్నాడు.

"ఎవరిది?" అంది కూతురు.

మేస్త్రి అక్కడే ఉన్న కుర్చీలో కూర్చుండిపోయాడు. "ఇంతమంది ఒకేసారి అబద్ధాలు చెబుతుంటే మీకు నిద్రెలా పడుతోందండీ?"

"ముళ్ళు తిప్పితే పేలిపోతాయన్నారు," అన్నాడు ఆయన.

"ఎవడన్నాడు?" మేస్త్రి లేచి చెక్క గడియారం తలుపు తీసి, చూపుడు వేలితో పెద్ద ముల్లుని కొంచెం ముందుకి తిప్పి, మళ్ళీ చోటికి తెచ్చాడు. ఇంట్లో వాళ్ళంతా రెండడుగులు వెనక్కి వేశారు. ఏమీ పేలలేదు. "నడక బ్రహ్మాండంగా ఉంది. చూపే తప్పింది వీటికి. ఇవాళ నేను వెళ్ళేలోపు అన్నీ ఒక్క మాట మీదికి రావాలి. నాకేమీ ఇవ్వకండి. ఇది నా తృప్తి."

పొద్దున పది నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఒక్కోదాన్నీ దించి, తుడిచి, బొట్టు నూనె వేసి, తన జేబు గడియారం చూసి సరిచేశాడు. ఐదు కొట్టే వేళకి అందరినీ ముందు గదిలో నిలబెట్టాడు. ఐదయింది. గంటలున్న గడియారాలన్నీ ఒక్కసారి కొట్టాయి, పక్షి వరండాలో నోరు తెరిచింది, గుడ్లగూబ కళ్ళు ఎడమకి తిప్పింది. గిన్నెల స్టాండు పడిపోయిందేమోనని ఓనరమ్మ పరుగెత్తుకొచ్చింది. అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంది. లిఫ్టాయన మేస్త్రి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మర్నాడు ఆరున్నరకి ఐదుగురూ తువ్వాళ్ళతో స్నానాల గది తలుపు దగ్గర కలుసుకున్నారు.

మొదట ఒకళ్ళనొకళ్ళు చూసి ఆశ్చర్యపోయారు. చాలా రోజుల తర్వాత కలిసినవాళ్ళలా "నువ్వేంటి ఇక్కడ?" అని అడిగారు. ఆ తర్వాత అత్తగారు సందు చూసుకుని లోపలికి దూరి గడియ వేసింది. పోస్టాఫీసుకి భార్య తల ఆరకుండానే పరుగెత్తింది. కూతురు వంటింటి పంపు దగ్గర పళ్ళు తోముకుంటూ అలిగింది. బావమరిది మీసం ఒక వైపు కత్తిరించుకుని, రెండో వైపుకి వంతు రాక, అలాగే సెలూనుకి వెళ్ళాడు. "ఇది కొత్త ఫ్యాషనా?" అని అడిగిన ఇద్దరికి మొహమాటపడి అదే కత్తిరింపు చేసి పంపాల్సి వచ్చింది. లిఫ్టాయన చొక్కా తిరగేసి తొడుక్కుని డ్యూటీకి వెళితే, ఎనిమిదంతస్తుల వాళ్ళూ చూశారు గానీ ఎవరూ చెప్పలేదు. నలభై సెకన్లలో అలాంటివి ఎలా చెబుతారు.

మంగళవారం బకెట్లు తన్నుకున్నాయి. బుధవారం పాత తగాదాలు బయటికొచ్చాయి. ఆరేళ్ళ కిందట ఎవరో పారేసిన సబ్బు పెట్టె దాకా వెళ్ళింది వ్యవహారం. అత్తగారు ట్రంకు పెట్టె బయటికి లాగి, "నేను నా పెద్దకూతురింటికి పోతాను. అక్కడ రెండు బాత్‌రూములు," అంది. రెండో దాంట్లో బొగ్గులు పోసుకుంటారని అందరికీ తెలుసు.

గురువారం పొద్దున భవనంలో ఆరో అంతస్తు వాళ్ళకి ఏదో మీటింగుండి, నాలుగో అంతస్తు వాళ్ళ వేళకే వచ్చారు. లిఫ్టు ముందు వరస గేటు దాకా పోయింది. తోపులాటలో ఒకాయన క్యారేజీ ఇంకొకాయన మోకాలికి తగిలింది. "నేను ముందంటే నేను ముందు" అని అరుపులు. పైకాకిందికా గారు స్టూలు మీద కూర్చుని ఆ జనాన్ని చూస్తున్నాడు. చూస్తుండగా వాళ్ళ భుజాల మీద తువ్వాళ్ళున్నట్టు అనిపించింది.

ఒకప్పుడు ఆ భవనంలో రోజూ ఇదే గోల. అన్ని ఆఫీసులూ తొమ్మిదికే తెరిచేవాళ్ళు. ఆయనే మేనేజరు దగ్గరికి వెళ్ళి, "అయ్యా, లిఫ్టు పెద్దది చేయలేం. టైం చిన్న చిన్న ముక్కలు చేద్దాం. అంతస్తుకో పావుగంట తేడా పెట్టించండి," అని చెప్పాడు. మేనేజరు పెట్టించాడు. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆయన చేసిన ఘనకార్యం అదొక్కటే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చ గెలిచి, ఇంట్లో గెలిచిన సంగతి కూడా తెలియకుండా గెలిచి, మేస్త్రిని రానిచ్చి ఓడిపోయాడు.

మధ్యాహ్నం కడుపునొప్పని చెప్పి ఇంటికొచ్చేశాడు. అత్తగారు మంచం మీద కునుకు తీస్తోంది. మిగతావాళ్ళు పనుల్లోకి వెళ్ళారు. స్టూలెక్కి, ఊపిరి బిగబట్టి, స్టేషను గడియారం ముల్లు మీద వేలు పెట్టాడు.

"అల్లుడుగారూ," అంది అత్తగారు కళ్ళు తెరవకుండానే. "కడుపునొప్పికి స్టూలెక్కమని ఏ డాక్టరు చెప్పాడు?"

ఆయన స్టూలు మీదే నిలబడి ఉన్నదంతా చెప్పేశాడు. ఎవరి గడియారం ఎంత ముందో, ఎంత వెనకో, లిఫ్టు ముందు వరసేమిటో. ఆవిడ కళ్ళు తెరిచి, లేచి కూర్చుని, శ్రద్ధగా విన్నది.

"అంటే ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో అందరికన్నా ముందు లేచింది నేనేనా?"

"మీరే అత్తయ్యా. నలభై నిమిషాలు ముందు."

"నాకెప్పుడూ అనుమానంగానే ఉండేది," అంది ఆవిడ. ఇంకొంచెంసేపు ఆలోచించింది. "మరి నలభై ఎందుకు, గంట పెట్టండి. స్టూలు నేను పట్టుకుంటాను. మీరు పడితే మళ్ళీ అదొకటి."

గంట ముందుకి పెట్టాడు. మిగతావి గుర్తున్నంతవరకూ పాత లెక్కకి తెచ్చాడు. పక్షి గడియారాన్ని వెనక్కి తిప్పుతుంటే లోపల ఏదో కిర్రుమంది. ఆ రోజు నుంచి పక్షి రెండుసార్లు బయటికి రావడం మొదలుపెట్టింది. మొదటిసారి ఏదో మరిచిపోయినట్టు.

శుక్రవారం ప్రశాంతంగా గడిచింది. ఆయన లిఫ్టులో ఈల వేశాడు.

కానీ భార్య ఉత్తరాలు సర్దే మనిషి. ఏ ముక్క ఏ అరలోంచి కదిలిందో ఆవిడ కంటికి ఇట్టే తెలుస్తుంది. స్టేషను గడియారం ఇంకో ఇరవై నిమిషాలు ముందుకి జరిగిందని పసిగట్టి, ఎవరికీ చెప్పకుండా తన ఇత్తడిదాన్ని గంటా పది నిమిషాలు ముందుకి పెట్టుకుంది. అక్క లోపల్నుంచి రావడం చూసి తమ్ముడు పక్షిని గంటన్నరకి లాగాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడు. ఈ ఇంట్లో వాడు అమ్మమ్మ దగ్గర ఆరితేరిన కూతురు. ఆ పిల్ల ఏకంగా రెండు గంటలు లాగింది.

వారం తిరక్కముందే ఇంట్లో అన్నం వేళకి బయట టిఫిను వేళైంది. భార్య వెళ్ళేసరికి పోస్టాఫీసు గేటుకి తాళం. బావమరిది మూసిన షట్టరు ముందు కూర్చుని, తోచక, పక్క కొట్టు వాచ్‌మన్‌కి గడ్డం గీశాడు. అత్తగారు సాయంత్రం నాలుగింటికి ఆవులించి, "పగళ్ళు కాస్త పెరిగినట్టున్నాయి," అంది.

చివరికి ఓనరమ్మే పైకొచ్చింది. "మీ ఇంట్లోంచి ఎవరైనా రోజూ రైలెక్కుతున్నారా? కోడి కూడా లేవని వేళ ఈ స్నానాలేంటి? నా పైపులు గురక పెడుతున్నాయి. ఇలాగైతే నీళ్ళు కట్టేస్తాను."

అందరూ ముందు గదిలో కూర్చున్నారు. "ముళ్ళు ఎవరు తిప్పారు?" అని ఓనరమ్మ అడిగింది.

"నేనైతే ముట్టుకోలేదు బావా," అన్నాడు బావమరిది.

వరండాలో పక్షి తలుపు తీసుకుని బయటికొచ్చి వాడి వంక చూసింది. లోపలికి పోయి, మళ్ళీ వచ్చి చూసింది.

"కొంచెం తిప్పా," అన్నాడు వాడు.

ఆ తర్వాత ఒప్పుకోవడానికి మిగతావాళ్ళకి మొహమాటం లేకపోయింది. అత్తగారు మాత్రం, "నేను స్టూలే పట్టుకున్నాను," అని ఊరుకుంది. అప్పుడు లిఫ్టాయన లిఫ్టు సంగతి అందరికీ విడమరిచి చెప్పాడు. ఇంటి చరిత్రలో ఆయన మాట మధ్యలో ఆగకుండా చివరిదాకా సాగడం అదే మొదలు. పాత తేడాలే ఖాయం చేశారు. భార్య పోస్టాఫీసు పద్ధతిలో అట్టముక్కల మీద రాసి ఒక్కో గడియారం కింద అంటించింది. "అమ్మ", "నేను", "వారు", "పిల్ల", "తమ్ముడు". మిగతా నాలుగింటి కింద "అందానికి" అని రాసింది. కీలన్నీ ఓనరమ్మ దగ్గరుంచాలని తీర్మానించారు. ఆదివారం ఆవిడే వచ్చి అన్నిటికీ కీ ఇచ్చి, తేడాలు చూసి, కాఫీ తాగి వెళ్ళాలి. ఆ లెక్కలో ఆవిడకి సున్నం వేయించే బాధ్యత శాశ్వతంగా తప్పిపోయిందని ఎవరూ గమనించలేదు.

నెలన్నర తర్వాత ఒక ఆదివారం గడియారాల మేస్త్రి మళ్ళీ వచ్చాడు. తన చేతి పని ఎలా నిలబడిందో చూసుకుందామని. ఆపే వ్యవధి లేకపోయింది. మేస్త్రి గోడలు చూశాడు, జేబు గడియారం చూసుకున్నాడు, అట్టముక్కలు ఒక్కోటీ చదివాడు.

"ఇది ఎవరు చేశారు?" అని నీరసంగా అడిగాడు.

లిఫ్టాయన చేతులు కట్టుకుని మొత్తం చెప్పాడు. ఆరున్నర, ఐదు తువ్వాళ్ళు, సగం మీసం. మేస్త్రికి కోపమొస్తుందని అందరూ ఎదురుచూశారు. మేస్త్రి తోలు సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, స్టేషను గడియారం కింద "అమ్మ" అన్న అట్టముక్కనే చాలాసేపు చూశాడు.

"మా ఇంట్లో ఏడుగురం," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "పదహారు గడియారాలు. సెకన్లతో సహా కరెక్టు. నేను పదకొండేళ్ళుగా దుకాణం వెనక పంపు దగ్గరే స్నానం చేస్తున్నాను."

అత్తగారు ముందుకి జరిగింది. "ఇంట్లో అత్తగారుందా?"

"ఉంది."

"ఆవిణ్ణి నలభై నిమిషాలు ముందుకి పెట్టండి. మిగతాది దానంతటదే సర్దుకుంటుంది."

"తెలుసమ్మా. ఇప్పుడు తెలిసింది," అన్నాడు మేస్త్రి. "కానీ సరిగ్గా నడిచే గడియారాన్ని తప్పు తిప్పడానికి నా చెయ్యి రాదు. నలభై ఏళ్ళ చెయ్యి ఇది." లిఫ్టాయన వంక చూశాడు. "మీరే ఒకసారి వచ్చి..."

పై ఆదివారం పైకాకిందికా గారు మేస్త్రి ఇంటికి వెళ్ళాడు. మేస్త్రి భార్య స్టూలు తెచ్చి వేసింది. మనిషికో గడియారం చొప్పున ఏడింటిని ఎంచి, ఎవరెవరు లోపల ఎంతసేపుంటారో వివరంగా అడిగి, ఒక్కోటీ తిప్పాడు. ఆ కాసేపూ మేస్త్రి వీధిలో, ఇంటికి వీపు పెట్టి, ఎదురింటి గోడ చూస్తూ నిలబడ్డాడు.

"అయిపోయింది, రండి," అని లోపల్నుంచి పిలుపొచ్చింది.

మేస్త్రి తలెత్తి ఏ గోడ వంకా చూడకుండా గది దాటి వంటింట్లోకి నడిచాడు. కడవ మూత తీసి చూసి, "రేపటికి నాక్కూడా వేణ్ణీళ్ళు పెట్టు," అన్నాడు భార్యతో.